ఆ దుమ్ము ఎవరిదో ఖరగ్‌పూర్‌లో తెలిసింది

ఖరగ్‌పూర్ వెళ్ళొచ్చానని చెబితే అందరూ అడిగేది ఒక్కటే, అక్కడేముందని. నిజమే, కలకత్తా వెళ్ళేవాళ్ళు దాన్ని కిటికీలోంచి చూసి, ఓ టీ తాగి ముందుకు పోతారు. నేను మాత్రం అక్కడే దిగాను. మూడు రోజులున్నాను. వచ్చిన దగ్గర్నుంచీ కనబడ్డవాళ్ళందరికీ దాని గురించి చెప్పి విసిగిస్తున్నాను. మీరెటూ వెళ్ళి ఉండరు, ఇప్పుడు మీ వంతు.

ముందు నా పనేమిటో చెప్పాలి. నేను హైదరాబాదులో గెలాక్సీల మీద పరిశోధన చేస్తాను, అందులోనూ బుల్లి గెలాక్సీల మీద. మన పాలపుంత ముందు అవి లెక్కలోకి కూడా రావు. వాటిలో వాయువు బోలెడుంటుంది, కానీ అదంతా దాదాపు హైడ్రోజన్, హీలియమే. కర్బనం, ఆక్సిజన్, ఇనుము లాంటి బరువైన మూలకాలు నక్షత్రాల కడుపులో వండినవి. బుల్లివాటిలో ఆ వంటకాలు మహా తక్కువ. ఆకాశంలో దుమ్మంటే ఆ మూలకాలతో అయిన నలుసులే కాబట్టి, వాటిలో దుమ్మూ ఉండదు. దుమ్ము లేకపోతే నక్షత్రాలు పుట్టడం కష్టం. అయినా కొన్ని బుల్లి గెలాక్సీలు మొండికేసి నక్షత్రాల్ని పుట్టిస్తూనే ఉంటాయి. ఎలా పుట్టిస్తున్నాయన్నది మా అందరికీ పెద్ద తలనొప్పి.

అలాంటి ఒకదాని మీద నేను మూడేళ్ళు కూర్చున్నాను. దానికి పేరు లేదు, కాటలాగులో ఓ పొడవాటి నంబరుంది. నేను బుడ్డది అని పిలుచుకుంటాను. బుడ్డదాని వెలుగు ఉండవలసినదానికన్నా కొంచెం ఎర్రగా ఉందని నేను కనిపెట్టాను. దుమ్ము నీలాన్ని ఎక్కువగా మింగేస్తుంది, ఎరుపుని వదిలేస్తుంది. అంటే బుడ్డదానిలో ఎవరూ ఊహించని దుమ్ముంది! నక్షత్రాలు ఎలా పుడుతున్నాయో దాంతో తేలిపోయినట్టే. వ్యాసం సిద్ధమైంది, సోమవారం పంపాలి. దానితోపాటే నా ఉద్యోగం పొడిగించమని అర్జీ కూడా. రెండు నెలల్లో నా ఒప్పందం అయిపోతుంది, చేతిలో ఉన్న ఆధారమంతా ఆ దుమ్మే.

ఇలాంటి వారంలో ఎవరైనా ఊళ్ళు తిరుగుతారా? కానీ కాంతం టీచరుకి మాటిచ్చేశాను. ఆవిడ ఖరగ్‌పూర్‌లో తెలుగు బడిలో సైన్సు చెబుతారు. పత్రికలో నేను రాసిన వ్యాసం చదివి, మా బడిలో సభ పెడతాం, వచ్చి ఆకాశం గురించి మాట్లాడాలని ఫోన్ చేశారు. బెంగాల్లో తెలుగు బడి ఉందన్న మాట వినగానే నేను వస్తున్నానని చెప్పేశాను, తేదీ కూడా అడక్కుండా.

రైల్లో సూరమ్మ గారు

పలాసలో ఓ పెద్దావిడ జీడిపప్పు సంచీతో ఎక్కి నా ఎదుట కూర్చుంది. పేరు సూరమ్మ. పుట్టింది పలాస దగ్గర, కాపురం మాత్రం పెళ్ళినాటి నుంచీ ఖరగ్‌పూర్‌లోనే. నా ఒళ్ళోని లాప్‌టాప్ కేసి కాసేపు చూసింది.

"ఏటమ్మా అవి? గీతలు?"

"గెలాక్సీ వెలుగండీ. రంగులుగా విడదీసి చూస్తాం."

"సూస్తే జీతం ఇస్తారేటి?"

"ప్రస్తుతానికి ఇస్తున్నారండీ."

"మరి బాగానే ఉన్నాది. మా ఆయినా అంతే, రైలింజను మీద కూకోని బతుకంతా సిగ్నలు సూసినాడు. ఎర్రది పడితే ఆగడం, పచ్చది పడితే ఎల్డం. నీకేటి పడితే ఏటవుద్ది?"

ఎర్రగా పడితే మధ్యలో దుమ్మున్నట్టని చెప్పాను. ఆవిడ గుప్పెడు జీడిపప్పు నా చేతిలో పోసి, "అలాగైతే కళ్ళు జాగర్త తల్లీ" అంది. మూడేళ్ళ నా పరిశోధనకి వచ్చిన మొదటి సలహా అదే. జీడిపప్పు మాత్రం అద్భుతంగా ఉంది.

ఒరిస్సా దాటుతున్నంతసేపూ ఆవిడ టీ అమ్మేవాడితో ఒడియాలో, టికెట్ల ఆయనతో హిందీలో, ఫోన్లో కోడలితో తెలుగులో, పక్కావిడతో బెంగాలీలో మాట్లాడుతూనే ఉంది. నేను తెనాలిదాన్ని. మా ఊళ్ళో రెండు భాషలొస్తే పండితుడంటారు. ఈవిడకి నాలుగొచ్చు, ఆ సంగతే పట్టినట్టు లేదు.

ఇందాలో ఆవనూనె

శుక్రవారం పొద్దున్న దిగాను. ఒకప్పుడు లోకంలోకెల్లా పొడుగని పేరున్న ప్లాట్‌ఫారం అది. నేను దిగింది ఒక చివర, కాంతం టీచరు నిలబడింది ఇంకో చివర. ఇద్దరం ఫోన్లు చెవికి పెట్టుకుని ఒకరికోసం ఒకరం ఎంతసేపు నడిచామో తెలీదు. చివరికి కలుసుకునేసరికి ఇద్దరికీ ఆయాసమొచ్చింది, ఆ ఆయాసంలోనే స్నేహం కుదిరిపోయింది. నలభై దాటిన మనిషి, పొట్టిగా, చలాకీగా ఉన్నారు. నన్ను మేడం అనొద్దని నేను బతిమాలితే మధ్యాహ్నానికల్లా 'మాధవీ' అని పేరు పెట్టి పిలవడంలోకి దిగారు.

ఆటోలో ఇందా బజారు వైపు వెళ్ళాం. బోర్డులన్నీ బెంగాలీలో, అరుపులన్నీ బెంగాలీలో. ఒక బండి దగ్గర ఆగి నా పాండిత్యమంతా ఉపయోగించి హిందీలో అడిగాను, "దాదా, ఏక్ ప్లేట్ దీజియే" అని. బండివాడు నా మొహం చూసి, "కారం ఎయ్యమంటారేటి?" అన్నాడు. కాంతం టీచరు పగలబడి నవ్వారు.

అక్కడ పొద్దున్నే మరమరాలు తింటారు. మన దగ్గర మరమరాలంటే సాయంత్రం కాలక్షేపం. వీళ్ళకి అది అసలు ఫలహారం, గిన్నెడు మరమరాల్లో వేడి శనగల కూర, పైన ఆలూ బజ్జీ. 'మేం గుంటూరు జిల్లా వాళ్ళం, కారం ఎంతైనా వెయ్యండి' అని నేను గొప్పకి పోయాను. కారం నన్నేమీ చెయ్యలేదు. పైన చుక్క చుక్కగా పోసిన పచ్చి ఆవనూనె ముక్కులోంచి ఎక్కి నడినెత్తిన కూర్చుంది. కళ్ళనీళ్ళు ధారగా కారుతుంటే ఓ బెంగాలీ ముసలాయన జాలిపడి తన నీళ్ళ సీసా ఇచ్చాడు. ప్లేటు ముప్పై రూపాయలు, పరువు దానికి అదనం.

సుభాష్‌పల్లి, నాయుడు గారి ఇల్లు

కాంతం టీచరు ఇల్లు సుభాష్‌పల్లిలో. తండ్రి గౌరునాయుడు గారు ఆవిడ దగ్గరే ఉంటారు. శ్రీకాకుళం పక్కనుంచి తాతల కాలంలో రైల్వే పనికి వచ్చిన కుటుంబం. ఆయన వర్క్‌షాపులో మౌల్డరుగా చేసి రిటైరయ్యారు. ఇసకలో అచ్చు కట్టడం, కరిగిన ఇనుము అందులో పొయ్యడం ఆయన పని. డెబ్భై దాటాయి. చేతులు చూస్తే ఇంకా ఏదో పట్టుకుని ఉన్నట్టే ఉంటాయి, వేళ్ళు పూర్తిగా చాపుకోవు.

"ఆకాశంలో దుమ్ము సూస్తావట గదమ్మా," అన్నారు నన్ను చూడగానే. "మా బతుకంతా ఆ దుమ్ములోనే గడిసింది. నీకు అంత దూరం దేనికి?"

భోజనంలో అన్నం, కంద బచ్చలి కూర, చేపల పులుసు. కందలో ఆవ పెట్టారు, చేపలోనూ ఆవ పెట్టారు. పొద్దుటి అనుభవంతో నేను భయపడుతుంటే కాంతం టీచరు చెప్పారు, ఆవ పెట్టడం తమకి శ్రీకాకుళం నుంచే వచ్చిందని, అందుకే బెంగాలీ వంట ఏనాడూ కొత్తగా అనిపించలేదని. చివర మట్టి పిడతలో తియ్యటి పెరుగు. మా ఇంట్లో పెరుగులో పంచదార వేసుకుంటే చిన్నపిల్లల్ని చూసినట్టు చూస్తారు. నేను రెండు పిడతలు తిన్నాను.

సాయంత్రం చుట్టుపక్కల ఇళ్ళలో శంఖాలు ఊదారు. ఈ ఇంట్లో కాంతం టీచరు కూడా దేవుడి దగ్గర దీపం పెట్టి శంఖం ఊదారు. మా వైపు ఆడవాళ్ళు ఇంట్లో శంఖం ఊదగా నేనెప్పుడూ చూడలేదు. నన్నూ ఊదమన్నారు. నా శంఖంలోంచి గాలీ, కొంచెం ఉమ్మీ తప్ప ఏమీ రాలేదు.

సాలువా దారి

శనివారం పొద్దున్న కాంతం టీచరు స్కూటరు మీద సాలువా వైపు తీసుకెళ్ళారు. సభ నాలుగింటికి, అప్పటిదాకా ఇంట్లో కూర్చుంటే నాకు కంగారు పుడుతుందని. అక్కడ సాయుధ పోలీసుల క్యాంపు ఉంది, చుట్టూ పల్లెలు, పొలాలు. నేల ఎర్రగా, గట్టిగా, అక్కడక్కడా రాయిలా ఉంటుంది. క్యాంపు దగ్గర నేపాలీ దీదీ ఒకావిడ ఆవిరి మీద మోమోలు వండి పెడుతోంది. నాకు నేపాలీ రాదు, ఆవిడకి తెలుగు రాదు, ఇద్దరి హిందీ అంతంతే. అయినా ఆవిడకి ఇద్దరు కూతుళ్ళనీ, చిన్నది లెక్కల్లో చురుకనీ తెలుసుకున్నాను.

నేను వేసుకున్నది తెల్ల చుడీదారు. తిరిగొచ్చేసరికి అది గులాబీ రంగులో ఉంది. సభకి తెచ్చుకున్న మంచి బట్టలు అవే. కాంతం టీచరు తన చీర ఒకటి ఇచ్చారు, అది నాకు చీలమండల పైనే ఆగిపోయింది. దుమ్ము గురించి మాట్లాడ్డానికి వచ్చి దుమ్ము చేతిలో ఓడిపోయినందుకు నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

శనివారం నాలుగింటికి

బడి హాలు నిండింది. వెనక బడి పిల్లలు, ముందు వరసలో వర్క్‌షాపు నుంచి రిటైరైన పెద్దలు. వాళ్ళలో చాలామంది నాయుడు గారి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళట. మధ్యలో నాయుడు గారు తెల్ల చొక్కా వేసుకుని నిటారుగా కూర్చున్నారు.

నేను చెప్పుకుపోయాను. వాయువు చల్లబడితేనే ముద్ద కట్టి నక్షత్రమవుతుందనీ, దుమ్ము నలుసుల మీద హైడ్రోజన్ పరమాణువులు జంట కడతాయనీ, అలా కట్టిన జంటల్ని అతినీలలోహిత కిరణాలు విడగొట్టకుండా ఆ దుమ్మే గొడుగు పడుతుందనీ చెప్పాను. పాలు ఎన్ని ఉన్నా తోడు లేకపోతే పెరుగవదు కదా, నక్షత్రాలకి దుమ్ము అలాంటి తోడు అన్నాను. పిల్లలకి నచ్చింది. అప్పుడు తెర మీద బుడ్డదాన్ని చూపించాను. చిన్న నీలం మరక, సరిగ్గా గుండ్రంగా కూడా లేదు. "ఇందులో దుమ్ము లేదని అందరూ అనుకున్నారు. ఉందని నేను కనిపెట్టాను!" అన్నాను. చప్పట్లు మారుమోగాయి. నిజం చెప్పొద్దూ, నాకు గాల్లో తేలినట్టుంది.

ప్రశ్నలుంటే అడగమన్నాను. నాయుడు గారు లేచారు.

"ఆ దుమ్ము ఆ బుడ్డదానిదేనేటమ్మా? మధ్యలో మన దుమ్మేదైనా అడ్డొచ్చిందేమో?"

మంచి ప్రశ్న, కానీ దానికి నా దగ్గర జవాబుంది. మన పాలపుంతలోనూ దుమ్ముందనీ, ఆకాశంలో ఏ దిక్కున ఎంతుందో పటం ఉందనీ, దాని ప్రకారం మన వాటా ముందే తీసేశాననీ చెప్పాను.

"పటం ఉన్నాది, సరే. టీ పొయ్యి సూసినావేటి?"

ముందు వరసంతా ఘొల్లున నవ్వింది. నాకేమీ అర్థం కాలేదు. పెద్దాయన నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను, ఒళ్ళు మండింది. "చూస్తాను బాబాయ్ గారూ" అని పైకి నవ్వి, పిల్లల వైపు తిరిగిపోయాను. తర్వాత బిస్కెట్లు, టీ, ఫోటోలు. ఆ పొట్టి చీరలోనే అన్ని ఫోటోలూ దిగాను.

టీ పొయ్యి

ఇంటికొచ్చాక మొహం మాడ్చుకుని కూర్చున్నాను. నాయుడు గారు కనిపెట్టేశారు. లోపలికెళ్ళి ఓ రేకు డబ్బా తెచ్చారు. అందులో గుడ్డలో చుట్టిన నీలం అద్దం, అరచేతిలో సగం ఉంటుంది, చుట్టూ ఇనప చట్రం.

"కోపం వచ్చిందేటి తల్లీ? నీకు తెల్దని మాకు తెల్దు. మా కాడ అందరికీ తెలిసిన మాట అది. కూకో, సెప్తాను."

రైల్వేలో చేరకముందు, పద్దెనిమిదేళ్ళప్పుడు, ఆయన ఊరి చివర ఓ చిన్న ప్రైవేటు ఫౌండ్రీలో చేశారట. కరిగిన ఇనుముని ఉత్త కళ్ళతో చూడలేరు, ఇలాంటి అద్దంలోంచి చూసి, రంగుని బట్టి పొయ్యొచ్చో లేదో చెప్పాలి. ఒకరోజు పెద్ద మిస్త్రీ రాలేదు. అద్దం ఈయన చేతికొచ్చింది.

"సూసినాను. మంట మందంగా, ఎలుగు తక్కువగా ఉన్నాది. ఇనుం ఇంకా కాగలేదన్నాను. ఇంకా కాసినారు. మళ్ళీ సూసినాను, మళ్ళీ మందంగానే ఉన్నాది. ఇంకా కాయండన్నాను. ఆకరికి పొయ్యండన్నాను, నా మాట మీద పోసినారు. తెల్లారి అచ్చులు ఇప్పితే ఏటున్నాది? ఇసకంతా కరిగి ఇనుముకి అంటుకుపోనాది. పోత మొత్తం పారేసినారు."

"ఇనుము ఎక్కువ కాగిందా?"

"మరి! మంట మందంగా లేదమ్మా. నా అద్దానికి మసి పట్టినాది. మసి నా సేతిలో ఉంటే, కొలిమిలో ఎతుకుతున్నాను."

మర్నాడు ఆ బెంగాలీ పెద్ద మిస్త్రీ వచ్చి తిట్టలేదట. చెయ్యి పట్టుకుని బయట టీ కాసే పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళాడట. ఆ పొయ్యి మంట ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, రోజూ చూసేదే. ముందు అద్దంలోంచి దాన్ని చూడమన్నాడు. తెలిసిన మంటే మందంగా కనబడితే తప్పు అద్దానిది. అది సరిగ్గా కనబడితేనే కొలిమి దగ్గరికి నడవమన్నాడు. అప్పట్నుంచీ నాయుడు గారు పనిచేసినన్నాళ్ళూ రోజూ ముందు టీ పొయ్యిని చూసి గానీ కొలిమి మొహం చూడలేదట. కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. తర్వాత వాళ్ళూ అదే చేసేవాళ్ళు.

"నా అద్దం మంచిదేనని అందరం అనుకుంటాం తల్లీ. నువ్వు ఆ బుడ్డదాన్ని ఏ అద్దంలోంచి సూసినావో, అదే అద్దంలోంచి తెలిసిన మంట ఇంకోటి సూసినావేటి? అదొక్కటే అడిగినాను. అవుమానానికి కాదు."

ఉన్నట్టుండి ఆ సమాధానం నా కళ్ళ ముందు కనబడింది. మేం టెలిస్కోపుతో వెలుగుని ఒక సన్నటి చీలికలోంచి లాగి రంగులుగా విడదీస్తాం. నా చీలికలో బుడ్డదాని పక్కనే మన పాలపుంతలోని నక్షత్రం ఒకటి పడింది. మనకి అక్కర్లేదని దాన్ని కత్తిరించి పక్కన పడేశాను. మూడేళ్ళుగా అది నా లాప్‌టాప్‌లోనే ఉంది. దాని గీతల్ని బట్టి దాని అసలు రంగు ఏమిటో ఎవరైనా చెప్పొచ్చు. అదీ నా టీ పొయ్యి.

ఆ సంగతి పైకి చెప్పడానికి ధైర్యం చాల్లేదు. అన్నం తిన్నానో లేదో కూడా గుర్తు లేదు.

ఆదివారం

తెల్లవారాక వరండాలో లాప్‌టాప్ తెరిచాను. కత్తిరించి పారేసిన నక్షత్రాన్ని వెతికి పట్టుకుని, గీతలు కొలిచి, ఏ జాతిదో తేల్చాను. ఆ జాతి నక్షత్రం ఎంత నీలంగా ఉండాలో పక్కన పెట్టుకున్నాను. పటం చెప్పినంత మన దుమ్ముని తీసేశాను. ఇప్పుడు రెండూ ఒకదాని మీద ఒకటి పడాలి.

పడలేదు. నా నక్షత్రం ఎర్రగా ఉంది. ఎంత ఎర్రగా ఉందంటే, బుడ్డది ఎంత ఎర్రగా ఉందో సరిగ్గా అంత.

ఒక్కటి చూసి ఒప్పుకోబుద్ధి కాలేదు. అప్పట్లో టెలిస్కోపు దగ్గర రెండో రాత్రి చీలికని తిప్పి పెట్టి తీసిన బొమ్మలున్నాయి. వాటిలో మన నక్షత్రాలు ఇంకో రెండు దొరికాయి. అవీ అంతే. ఆ పటం పెద్ద పెద్ద ముక్కలకి సగటు కట్టిన లెక్క. మన పాలపుంతలోనే ఓ పల్చటి దుమ్ము పొర సరిగ్గా ఆ దారికి అడ్డంగా ఉంది, పటానికి అందనంత చిన్నది. నేను బుడ్డదానిలో వెతికిన దుమ్ము మనదే.

మూడేళ్ళ పని! కాంతం టీచరు టీ తెచ్చి, నా మొహం చూసి పక్కన కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. రేపటి వ్యాసం పోయింది, అర్జీలో రాసుకున్న గొప్ప పోయింది. ఎవరికీ చెప్పకుండా రేపు పంపేస్తే ఎవరు కనిపెడతారన్న ఆలోచన కూడా వచ్చింది. దాచడం దేనికి, వచ్చింది. టీ చల్లారేదాకా అది నాతోనే ఉంది.

ఆ టీ తాగుతూ లెక్కని ఇంకోసారి చూశాను, మన దుమ్ముని ఈసారి పూర్తిగా తీసేసి. బుడ్డదాని రంగు తెర మీద తేటపడింది. నీలం, అచ్చమైన నీలం. దుమ్మన్న జాడే లేదు. అందులో మాత్రం నక్షత్రాలు కుప్పలుగా పుడుతున్నాయి, ఆ లెక్క ఏమాత్రం తగ్గలేదు. పైగా మన పొర మింగిన వెలుగుని కలిపితే ఇంతకుముందు అనుకున్నదానికన్నా ఎక్కువే పుడుతున్నాయి. గొడుగు లేదు, తోడు లేదు, మరెలా?

నాకు ఒళ్ళంతా గగుర్పొడిచింది. దుమ్ము దొరికిందని నేను చేసిందేమిటంటే, అసలైన చిక్కుముడి మీద గుడ్డ కప్పడం. సృష్టి మొదట్లో పుట్టిన గెలాక్సీలన్నీ ఇలాంటివే అయ్యుండాలి, బరువైన మూలకాలు లేనివి, దుమ్ము లేనివి. వాటిలో నక్షత్రాలు ఎలా వెలిగాయో తెలియాలంటే బుడ్డదాన్ని అడగాలి. వరండాలోంచి లేచి గదంతా తిరిగాను. "కాంతం గారూ, ఏమీ లేదండీ! అక్కడ ఏమీ లేదు!" అని అరిచాను. ఆవిడ పాపం, నాకు మతి పోయిందనుకున్నారు.

హైదరాబాదులో నా పరిశోధన చూసే గైడుకి ఫోన్ చేశాను. ఆవిడ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అంతా విన్నారు.

"మూడు నక్షత్రాలూ ఒకటే చెబుతున్నాయా?"

"మూడూ అదే చెబుతున్నాయి మేడం."

"సరే. వ్యాసం ఆపేద్దాం. అర్జీ గడువు మాత్రం రేపే మాధవీ, అది ఆగదు. దుమ్ము లేకుండా ఏం రాస్తావో నువ్వే ఆలోచించుకో. పొడిగింపు వస్తుందని నేను మాటివ్వలేను." ఫోన్ పెట్టేసే ముందు అడిగారు, ఈ నక్షత్రాన్ని చూడమని ఎవరు చెప్పారని. చెప్పాను. ఆవిడ నవ్వగా వినడం నాకదే మొదటిసారి.

వెనక్కి తిరిగితే గుమ్మంలో నాయుడు గారున్నారు. ఎప్పట్నుంచి వింటున్నారో తెలీదు. మొహం నల్లబడిపోయింది.

"నా మాట వల్ల నీ నౌకరీకి ఎసరొచ్చిందేటమ్మా? ముసిలోడిని, నోరు మూసుకోలేకపోనాను."

"ఎసరేమో తెలీదు బాబాయ్ గారూ. కానీ రేపు నేను అబద్ధం పంపేదాన్ని. నిజమనుకునే పంపేదాన్ని."

ఆయన వచ్చి బల్ల మీద కూర్చున్నారు. తెర మీది నీలం మరకని చూపించి అంతా వివరించాను, మన దుమ్ము ఎక్కడుందో, బుడ్డదానిలో ఎందుకు లేదో. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"అలాగైతే దుమ్ము లేకండా అన్ని సుక్కలు ఎలా పుడతన్నాయమ్మా?"

"తెలీదండీ."

"మీ మేడంకి?"

"ఆవిడకీ తెలీదు. ఎవరికీ తెలీదు."

"ఎవులికీ తెల్దా?" ఆయన నా వైపు తిరిగారు. మొహంలో నలుపంతా ఎటు పోయిందో పోయింది. "మరైతే ఆ తెల్దన్న మాటే రాయి తల్లీ! తెలిసిపోనాదంటే ఇంక నీతోటి పనేటున్నాది వోళ్ళకి?"

ఆదివారమంతా కూర్చుని అర్జీ మొత్తం తిరగరాశాను. కాంతం టీచరు అన్నం అక్కడికే తెచ్చి పెట్టారు. సోమవారం పొద్దున్న అదే పొడవాటి ప్లాట్‌ఫారం మీద, రైలు రావడానికి ముందు, దాన్ని పంపేశాను. ఇది రాసే నాటికి జవాబు రాలేదు. ఇలాంటి అర్జీల్లో మొదటి వాక్యం తాము కనిపెట్టినదాని గురించి రాస్తారు, నేనూ ఎప్పుడూ అలాగే రాశాను. ఈసారి నా మొదటి వాక్యం ఇది: 'ఈ గెలాక్సీలో దుమ్ము లేదు, అయినా నక్షత్రాలు పుడుతున్నాయి, ఎలాగో నాకు తెలియదు.'